పెరటి మన్ను

పిల్లల కోసం నేను రాసిన నవల ఒక్కటే. అందులో ఒక పిల్ల ఇంటిని ఏరు తీసుకుపోతుంది. ఆ పిల్ల భుజాన సంచీ తగిలించుకుని, తన ఇల్లు వెతుక్కుంటూ ఊళ్లు పట్టుకు తిరుగుతుంది. పుస్తకం చదివిన పిల్లలు ఎక్కడ కనబడినా నన్ను ఒకటే అడుగుతారు, ఆ ఇల్లు నిజంగా ఉందా అని. ఉండేదని చెబుతాను. మరి ఎలా పోయిందంటే, ఏరు కోసేసిందని చెప్పి మాట మార్చేస్తాను. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. మిగిలిన సగం ఇద్దరి కోసం ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాను. వాళ్లలో ఒకరు ఇప్పుడు లేరు. రెండోవారి కోసం ఇది రాస్తున్నాను.

ఆ ఇల్లు మా మేనత్తది. రాజోలు దిగువన, గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకలో పెంకుటిల్లు. ఇంటి ముందు కొబ్బరితోట, తోట దాటితే పెద్ద ఏరు. ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే చిన్న పాయ, ఆ పాయకు అవతల ఏటిగట్టు, గట్టు మీద రోడ్డు. వేసవిలో పాయ ఎండిపోతుంది కాబట్టి గట్టు దిగి ఇసకలో నడిచి వెళ్లిపోవచ్చు. వానలు పడ్డాక పడవే గతి. నేను ఆదివారాలు అమలాపురంలో బస్సెక్కి, ఆ నడకో ఆ పడవో పట్టి అక్కడికి వెళ్లేదాన్ని.

ఇంట్లో ఉండేది అత్తయ్య, ఆమె కూతురి కూతురు. తల్లి కువైట్‌లో ఎవరింట్లోనో పని చేస్తోంది. తండ్రి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను. లంకకి రాకముందు ఆ పిల్ల అద్దె గదుల్లో పెరిగింది, అదీ ఒక ఊళ్లో కాదు. ఎవరైనా సామాను సర్దుతుంటే చాలు, ఎక్కడికని అడక్కుండా తన గౌన్లు తనే మడతపెట్టుకునేదట. లంకకి వచ్చాక కూడా చాలా రోజులు బట్టలు సంచీలోనే ఉంచుకుంది. ఒక రోజు తనంతట తనే వాటిని తీసి దండెం మీద వేసింది. అది చూసి మా అత్తయ్య చుట్టుపక్కల వాళ్లందరికీ బెల్లం పంచిపెట్టింది. ఏమిటి శుభవార్త అని అడిగితే ఏం చెప్పాలో తెలీక, ఆవు ఈనిందని చెప్పిందట. ఆమెకి ఆవే లేదు.

కువైట్ వెళ్లేముందు తల్లి చేతికున్న మట్టిగాజులు తీసేసుకుంది. తీస్తుంటే కొన్ని చిట్లాయి. పిల్ల ఆ ముక్కలు ఏరి పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పాతిపెట్టింది. పడవెక్కుతూ తల్లి, "నేనొచ్చేదాకా ఇల్లు చూసుకో అమ్మడూ" అంది. పెద్దవాళ్లం ఇలాంటి మాటలు నోటికొచ్చినట్టు అనేస్తాం. ఆ పిల్ల మాత్రం దాన్ని తనకి అప్పగించిన పనిలా పట్టుకుంది. తల్లికి శుక్రవారం సెలవు. ఆ రోజు ఫోన్ రాగానే పిల్ల ఫోన్ పట్టుకుని గది గదీ చూపించేది, పెరడు చూపించేది, తోట చూపించేది. అంతా ఉంది, ఏదీ కదల్లేదు అని చెప్పాకే కబుర్లు మొదలు.

నేను నవల అక్కడే రాయడం మొదలుపెట్టాను. రాసింది రాసినట్టు ఆ పిల్లకి చదివి వినిపించేదాన్ని, ఎందుకంటే నా కథలకి అంత కఠినంగా మార్కులు వేసేవాళ్లు ఇంకెవరూ దొరకలేదు. నచ్చకపోతే ఊరుకునేది. నచ్చితే కూడా ఊరుకునేది, కాకపోతే కాస్త దగ్గరగా జరిగేది.

గొడవంతా అత్తయ్యతోనే. మొదటి అధ్యాయంలోనే ఇల్లు ఏట్లో పడిపోతుందని విన్న దగ్గర్నుంచి ఆవిడకి మనసు మనసులో లేదు. సాయంత్రం పూట తథాస్తు దేవతలు ఇళ్లమీదుగా తిరుగుతుంటారు, మనం ఏ మాట అంటే దానికి తథాస్తు అనేసి పోతారు, ఇంట్లో కూర్చుని ఇల్లు పడిందని చదువుతావా అని నామీద విరుచుకుపడింది. నాకు ఒళ్లు మండింది. దేవతలకి వేరే పనేమీ లేదా, నా రాతప్రతి వినడానికి పడవ దాటి వస్తారా అని అన్నాను.

"నువ్వు నవ్వు. బియ్యం అయిపోయాయని ఎప్పుడన్నా అన్నానా ఈ ఇంట్లో? నిండుకున్నాయంటాను. నీ కథలో కూడా అలాగే ఏదో ఒక మంచి మాట పెట్టుకో" అంది అత్తయ్య.

చివరికి రాజీ ఏమిటంటే, నేను గడప బయట అరుగు మీద కూర్చుని చదవాలి. ఇల్లు పడిందన్న మాట వచ్చిన చోట నోరు మూసుకుని కళ్లతో చదువుకుని ముందుకి పోవాలి. అలా ఆ కథ వింటున్నంతసేపూ నడుమ నడుమ మౌనం వచ్చేది. ఆ మౌనంలో తోట అవతల్నుంచి ఒక చప్పుడు వినబడేది. ఒడ్డు విరిగి నీళ్లలో పడుతున్న చప్పుడు. లోపల ఎవరో బియ్యం బస్తా దించినట్టు ఉండేది. అత్తయ్య ఆ చప్పుడు విననట్టే చేటలో బియ్యం చెరుగుతుండేది. పిల్ల మాత్రం విని, తోట వైపు చూసేది.

లంకలో ఏటికి ఎంత దూరంలో ఉన్నారంటే గజాల్లో చెప్పరు. కొబ్బరిచెట్ల వరసల్లో చెబుతారు. మాకింకా అన్ని వరసలున్నాయి, వాళ్లకి ఒక్క వరసే మిగిలింది అంటారు. వరద వచ్చినప్పుడల్లా ఏటివైపు వరస ఒకటి ఒరిగిపోతుంది. అది చూసి తర్వాతి వరస వాళ్లు పెంకులు దింపుకుని వెళ్లిపోవడమో, ఇంకో ఏడాది ఆగడమో తేల్చుకుంటారు. తాతల నాటినుంచీ అదే లెక్క. అత్తయ్య ఇంటి ముందు, వాకిట్లోనే అన్నంత దగ్గరలో, ఒక గంగాబొండం కొబ్బరిచెట్టు ఉండేది. ముందు వరసలన్నీ పోయి, ఆ గంగాబొండం ఒరిగిననాడు చూద్దాం, అంతదాకా ఈ ఇంటికి ఢోకా లేదు అనేది ఆవిడ. ఆ లెక్క నాకూ సబబుగానే అనిపించింది. ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ ఏడు ప్రభుత్వం గట్టు అవతల లంకవాళ్లకి కాలనీ స్థలాలిచ్చింది. అందరూ తీసుకున్నారని అత్తయ్యా తీసుకుంది. అక్కడ ఉండాలని కాదు, ఎప్పటికైనా పిల్లకి ఉంటుందని. ఆ స్థలం ఒకప్పటి వరిచేను, వాన పడితే మోకాల్లోతు నీళ్లు. ముందు మన్ను పోసి మెరక చేయాలి.

మా వైపు పాతింటి మన్ను గుప్పెడు కొత్తింటి పునాదిలో వేస్తారు. పాత ఇంటి కళ కొత్తింటికి వస్తుందని. అత్తయ్య దగ్గర గుప్పెడు అనేది ఏ విషయంలోనూ ఉండదు. మెరకంతా తన పెరటి మన్నుతోనే చేయిస్తానని కూర్చుంది. ఎర్రగా, మెత్తగా, పుల్ల గుచ్చితే చిగురించే మన్ను. దారిలో వేరే మన్ను దొరుకుతుంది కదా అని నేనంటే, ఆవిడ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తే.

"పుట్టిందగ్గర్నించీ పరాయోళ్ల నేల మీద పడుకుందే ఈ పిల్ల. ఇంక పడుకోకూడదు."

నా కళ్లు చెమర్చాయి. ఇంటికెళ్లి ఆ మాట నవల్లో ఒక ముసలమ్మ నోట పెట్టేశాను. మంచి వాక్యం దొరికిందని సంబరపడ్డాను.

వేసవిలో పాయ ఎండగానే ట్రాక్టర్లు ఇసక దాటి పెరట్లోకి వచ్చాయి. ఆ కొద్దిరోజులూ పిల్ల సెలవలకని అమలాపురంలో మా ఇంట్లో ఉంది. ట్రాక్టరాయన, "ఆయ్, మెరకకి ఇలాంటి మన్ను కావాలన్నా దొరకదండి" అని మెచ్చుకుంటే అత్తయ్యకి ఇంకా ఉత్సాహం వచ్చింది. మొదట పెరటి చివర తవ్వారు. చాలకపోతే ఇంకాస్త ఇటు జరిగారు. నిమ్మచెట్టు అడ్డమొస్తే తీసేశారు. తవ్విన గొయ్యి నుంచి పాయదాకా ట్రాక్టర్లు తిరిగిన బాట లోతుగా పడిపోయింది. నేను పిల్లని దింపడానికి వెళ్లినరోజు దాన్ని చూశాను. పెరడు ఉండాల్సిన చోట పెద్ద పళ్లెంలాంటి పల్లం, దానికి పాయ వైపు వాలుగా బాట.

పిల్ల నిమ్మచెట్టు ఎక్కడని అడగలేదు. గోతిలోకి దిగి అడుగునంతా చేత్తో కెలికి చూసింది. గాజు ముక్కలు ఎక్కడికీ పోవే, మన్నులోనే ఉంటాయి, ఆ మన్ను మనదే కదా అని అత్తయ్య బుజ్జగించింది. ఆ శుక్రవారం తల్లి ఫోన్ చేస్తే పిల్ల గదులు చూపించింది, తోట చూపించింది, గంగాబొండం చూపించింది. పెరడు చూపించలేదు. ఏదీ కదల్లేదని కూడా అనలేదు.

వానలకి గొయ్యి నిండింది. నీళ్లు పచ్చగా నిలిచి పైన నాచు కట్టింది, బాతులు చేరాయి. అత్తయ్య సంతోషించి, చెరువు ఊరికే వచ్చింది, చేపపిల్లల్ని వేద్దామంది. నాకు ఆ నీళ్లు నచ్చేవి కావు. ఎందుకని అడిగితే చెప్పలేను. వంటింటి కిటికీలోంచి చూస్తే, ఎప్పుడూ చెట్లు కనబడే చోట నీళ్లు కనబడేవి. అన్నం వండుతూ వాటికేసి వీపు పెట్టి నిలబడాలంటే ఏదోలా ఉండేది.

శ్రావణంలో ఏటికి ఎర్రనీళ్లు దిగాయి. నేను చివరి అధ్యాయం పట్టుకుని ఆ ఆదివారం వెళ్లాను. మర్నాటికి ఏరు తోట అంచుకి వచ్చింది, పడవలు ఆపేశారు, నేను అక్కడే చిక్కుకున్నాను. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఇచ్చారని ఫోన్లలో వచ్చింది. ఇరుగుపొరుగు కొందరు ముందే గట్టుకి వెళ్లిపోయారు. సహాయ బృందం వాళ్లు మరపడవ మీద వచ్చి మైకులో పిలిచారు. అత్తయ్య వాకిట్లో పీట వేసుకుని తోటకేసి చూస్తూ కూర్చుంది. ముందు వరస నీళ్లలో నిలబడి ఉంది గాని ఒక్క చెట్టూ ఒరగలేదు. ముందు వరసే కదల్లేదు, మనం ఎందుకు కదలాలి అంది. నిజానికి నేనూ ఆ చెట్లనే చూస్తున్నాను. ఆ రోజు లంకలో మిగిలిన వాళ్లందరూ వాకిళ్లలో కూర్చుని ఏటివైపే చూస్తున్నారు.

వెనక్కి చూసింది పిల్ల ఒక్కతే. బాతులకి నూకలు వేద్దామని వెళ్లి, గిన్నె అలాగే పట్టుకుని నా దగ్గరికి తిరిగొచ్చింది.

"అత్తా, గోతిలో నీళ్లు ఎర్రబడ్డాయి."

వానకి మన్ను కలిసిందిలే అని అత్తయ్య అక్కడినుంచే అంది. పిల్ల నావైపు చూసింది. నేను లేచి వెళ్లాను. నిన్నటిదాకా పచ్చగా నిలిచి ఉన్న నీళ్లు ఇప్పుడు ఎర్రగా, సుడి తిరుగుతూ నడుస్తున్నాయి. పాయ నిండి, ట్రాక్టర్ల బాట పట్టుకుని, ఏరు మా పెరట్లోకి వచ్చేసింది. బాతులు లేవు. గొయ్యి అంచు నేను చూస్తుండగానే అరచేతి మందాన ఊడి, చప్పుడు లేకుండా నీళ్లలో కలిసిపోయింది. ఇంటివైపు నేలమీద ఒక పగులు, దారప్పోగంత. అత్తయ్యని కేకేశాను. ఇంతకుముందు ఎన్నడూ అంత భయం నాకు తెలీదు.

అత్తయ్య వచ్చి ఆ పగులు చూసింది. లోపలికి వెళ్లి దేవుడి పటం, పిల్ల సంచీ పట్టుకుని బయటికి వచ్చేసింది. వాదించి వాదించి ఒప్పించాల్సి వస్తుందనుకున్న మనిషి అలా ఒక్క మాట లేకుండా కదలడం చూసి నాకు మరీ భయమేసింది. మరపడవ ఇంకా మైకు పెట్టుకుని తిరుగుతూనే ఉంది, కేకేస్తే వచ్చింది. పడవ తాడు ముందు వరస చెట్టుకే కట్టి మమ్మల్ని ఎక్కించారు. పిల్ల ఎక్కి, సంచీ తెరిచి, తన గౌన్లు ఉన్నాయో లేవో చూసుకుంది. బట్టలు దండెం మీదనించి తీసి ఎప్పుడు మడతపెట్టుకుందో మాకిద్దరికీ తెలీదు.

వంటిల్లు ముందు పోయింది. గట్టు మీద బడిలో తలదాచుకున్న మాకు, మధ్యాహ్నం పడవ మీద వచ్చినవాళ్లు చెప్పారు. సాయంత్రానికి మొత్తం ఇల్లు వెనక్కి ఒరిగి గోతిలోకి జారిపోయింది. వరద తీశాక మేం వెళ్లి చూస్తే, ముందు వరస అలాగే ఉంది, తోట అలాగే ఉంది. గంగాబొండం నిండా గెలలతో నిలబడి ఉంది. దాని వెనక ఇల్లు లేదు. అత్తయ్య చెట్టుకి చెయ్యానించి, ఏరు ఎంత పని చేసింది అంది. ఆ శుక్రవారం తల్లికి కూడా అదే చెప్పాం, ఏరు తీసుకుపోయిందని. ఫోన్లో ఆమె ఏడుస్తుంటే పిల్ల, "నేను చూసుకుంటూనే ఉన్నానమ్మా" అంది. ఆ మాట విని నేను బయటికి వచ్చేశాను.

కాలనీలో మెరక చేసిన స్థలంలో ముందు రేకుల షెడ్డు వేసుకున్నారు. దసరాలు దాటినా పిల్ల బడినుంచి రాగానే ఒక పుల్ల పట్టుకుని షెడ్డు చుట్టూ మన్ను గీకుతూ కూర్చునేది. ఏం వెతుకుతోందో నాకు తెలుసు. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి దొరికింది. ఆకుపచ్చ గాజు ముక్క, వంపు తిరిగి, చిటికెన వేలంత. వాన మన్నుని కడిగి పైకి తేల్చింది. దాన్ని గౌను అంచుతో తుడుస్తూ నన్ను పక్కకి రమ్మంది. షెడ్డులో అమ్మమ్మ ఉందని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఏరు దానంతట అది రాలేదత్తా. మన్ను తీసినచోట్నించి వచ్చింది. అమ్మమ్మకి చెప్పకు, ఏడుస్తుంది."

చెప్పనన్నాను. మరి కథలో అని అడిగింది. నా చివరి అధ్యాయం ఇంకా పూర్తిగా విననేలేదు, అయినా షరతు పెట్టింది. కథలో పిల్లకి ఇల్లు దొరకాలి. పాత ఇల్లు మాత్రం ఏరే తీసుకుపోయిందని రాయాలి. సరేనన్నాను.

చేతులు కడుక్కుందామని షెడ్డులోకి వెళ్లాను. అత్తయ్య రేకు సందులోంచి బయట మనవరాలిని చూస్తూ నిలబడి ఉంది. నావైపు తిరగలేదు.

"గాజు దొరికిందా దానికి?"

దొరికిందన్నాను.

"మన్ను తవ్వించింది నేనే కదే. గంగాబొండానికి ఆకన్నా రాలలేదు, చూసేవుగా. ఆ సంగతి పిల్ల దగ్గర ఎత్తకు. ఏరే తీసుకెళ్లిందనుకోనీ. నా మీద మనసు విరిగితే దానికింక ఎవరున్నారు?"

ఆవిడకీ మాటిచ్చాను. ఆ తర్వాత ఆ షెడ్డులో ముగ్గురం కూర్చుని అన్నం తిన్నాం. అత్తయ్య పాడు ఏరు అంది, పిల్ల అవునమ్మమ్మా అంది.

నవల వాళ్లు కోరినట్టే అచ్చయింది. పిల్ల గట్టిగా చదువుతుంటే అత్తయ్య విన్నది. ఇల్లు ఏట్లో పడిన చోట ఈసారి నోరు మూసుకోమని అనలేదు. తథాస్తు దేవతల ఊసే ఎత్తలేదు. షెడ్డు ఉన్నచోట ఇల్లు లేచింది. తల్లి కువైట్ నుంచి తిరిగొచ్చింది, ఇప్పుడు అందులోనే ఉంటోంది. ఆ ఇంటి నేల ప్రతి వానకీ కాస్త కుంగుతుంది. అలికినచోట మళ్లీ అలుకుతారు. వెనక వైపు పగులేమైనా వచ్చిందేమో అని నేను వెళ్లినప్పుడల్లా గోడ చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాను. నాకంటే ముందే పిల్ల చూసి ఉంటుంది.

మొన్న చలికాలంలో అత్తయ్య పోయింది. పెద్దదినం నాడు పిల్ల నాతో, "అమ్మమ్మకి చివరిదాకా తెలీలేదు కదత్తా, మంచిదైంది" అంది. తల ఊపాను. ముసలామెకిచ్చిన మాట ఇంకా నా మెడకి చుట్టుకునే ఉంది. కానీ ఆ పిల్ల ఇప్పుడు ఎదిగింది. అమ్మమ్మని తను ఒక్కతే కాపాడాననుకుంటూ ఆ బరువు మోస్తోంది. అవతలి కొసన అమ్మమ్మ కూడా చివరిదాకా అదే బరువు పట్టుకుని ఉందని తనకి తెలియాలి. నేను ఏది రాసినా మొదట చదివేది తనే, ఇదీ తనే చదువుతుంది.

అమ్మడూ, అమ్మమ్మకి తెలుసు.